సువర్ణక్క ఎంచిపెట్టిన లెన్స్

పోయిన వారం నారాయణగూడలో ఒక ల్యాబ్‌కి రక్తపరీక్ష కోసం వెళ్ళాను. నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి మోచేతి మడతలో రుద్దింది. చల్లదనం తగిలి, ఆ ఘాటు ముక్కుకెక్కగానే సూది సంగతి మరిచిపోయాను. ఒక మేడమీది గది, కిటికీ పక్కన పొడవాటి బల్ల, బల్లమీద పరిచిన తెల్లటి తువ్వాలు, దానిమీద విప్పి వరసగా పేర్చిన లెన్స్ ముక్కలు, వాటిమీదికి వంగిన సువర్ణక్క నెరిసిన పాపిట కళ్ళముందుకు వచ్చాయి. గాజు తుడిచీ తుడిచీ ఆమె వేళ్ళనుంచి ఎప్పుడూ ఇదే వాసన వచ్చేది. అన్నం తినేటప్పుడు కూడా పోయేది కాదట. "అయిపోయిందండీ, దూది గట్టిగా పట్టుకోండి" అని నర్సు రెండోసారి చెప్పేదాకా నేను ఆ గదిలోనే ఉన్నాను.

సువర్ణక్క కెమెరాలూ లెన్సులూ బాగుచేసేది. చీరలకు ఫాల్ కుట్టే దుకాణం పైన, ఇనప మెట్లెక్కి వెళితే ఆమె గది. బోర్డు ఉండేది కాదు. తలుపు గొళ్ళేనికి కట్టిన పాత కెమెరా బెల్టే గుర్తు. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉండేది. నేత చీర కొంగు నడుముకు దోపుకుని, గడియారాలు బాగుచేసేవాళ్ళు పెట్టుకునే నల్లటి భూతద్దం కుడికంటికి బిగించుకుని పనిచేసేది. ఆ పని తండ్రి దగ్గర నేర్చుకుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె నాకు చేసిన మేలేమిటంటే, రోజూ వాడుకోవడానికి తక్కువ ధరలో ఒక లెన్స్ ఎంచిపెట్టింది. చెప్పుకుంటే అంతే. కానీ నేను ఇవాళ చేస్తున్న పనీ, మనుషులతో నా తీరూ ఆ ఎంపికతోనే మొదలయ్యాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

నాకు చిన్నప్పటినుంచీ నత్తి. కొన్ని అక్షరాల దగ్గర గొంతు బిగుసుకుపోతుంది. 'మ' దగ్గర మరీ. నా పేరు మాధవి. అంటే ప్రపంచంలో నేను అన్నిటికంటే కష్టపడి పలకాల్సిన మాట నా పేరే. మా తాతగారు ఎప్పుడో ప్రభుత్వోద్యోగం మీద బందరు నుంచి వచ్చి చిక్కడపల్లిలో అద్దెకు దిగారు. అప్పటినుంచీ మాది అదే వీధి, ఇల్లు మాత్రం మూడుసార్లు మారింది. డిగ్రీ అయ్యాక నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్ళాను. నాలుగింట్లోనూ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. చివరికి నారాయణగూడలో పుస్తకాలు అచ్చువేసే చిన్న ఆఫీసులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. రోజంతా తలవంచుకుని చదవడమే, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఆ పని అందుకే నచ్చింది. రెండేళ్ళు పొదుపు చేసి, లెన్సులు మార్చుకోగలిగే ఒక పాత మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కున్నాను. దాంతోపాటు వచ్చే మామూలు జూమ్ లెన్స్ ఉండేది. సాయంత్రాలు చిక్కడపల్లి లైబ్రరీ దగ్గరా, అశోక్‌నగర్ సందుల్లోనూ తిరుగుతూ ఫోటోలు తీసేదాన్ని. కెమెరా చేతిలో ఉంటే చూస్తూ ఊరికే నిలబడినా ఎవరూ ఏమీ అడగరు. నాకు కావలసింది అదే.

ఒకరోజు వానలో లైబ్రరీ మెట్లమీద కాలు జారింది. నాకేం కాలేదు గానీ కెమెరా రాతికి కొట్టుకుంది. లెన్స్ జూమ్ రింగు ఎంత తిప్పినా కదలడం మానేసింది. ఆఫీసులో బైండింగ్ చేసే ఆయన సువర్ణక్క గది గుర్తులు చెప్పి పంపించారు.

ఆమె కెమెరా అందుకుని, రసీదు పుస్తకం తెరిచి, "పేరు?" అంది.

'మ' దగ్గరే ఆగిపోయాను. అలాంటప్పుడు ఎదుటివాళ్ళు చేసేవి రెండే పనులు. కొందరు చూపు తిప్పుకుంటారు. కొందరు "మాలతా? మంజులా?" అని అందిస్తారు. ఆ అందించడం సాయమనే వాళ్ళనుకుంటారు. నాకు మాత్రం చేతిలో ఉన్న వస్తువును ఎవరో లాక్కున్నట్టు ఉంటుంది. సువర్ణక్క రెండూ చేయలేదు. పెన్ను కాగితం మీద ఆనించి, మామూలుగా నావైపు చూస్తూ కూర్చుంది. కింద కుట్టుమిషను చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. ఆ చూపులో జాలి లేదు, తొందర లేదు. చాలాసేపటికి "మాధవి" అన్నాను. ఆమె రాసుకుని, "నంబర్ చెప్పు బిడ్డా" అంది, మధ్యలో ఏమీ జరగనట్టు.

లెన్స్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. టార్చి వేసి లోపలికి చూసింది.

"లోపల పట్టీ వంగింది. బాగుచెయ్యొచ్చు, గని గా పైసలకు ఇంకో లెన్స్ వస్తది. నేనైతే చెయ్య."

నేను ఫోన్‌లో దాచుకున్న ఒక లెన్స్ బొమ్మ చూపించాను. ఎనభై అయిదు మిల్లీమీటర్లది. దూరంనుంచే మనిషి ముఖాన్ని దగ్గరికి లాగి, వెనకున్నదంతా మెత్తగా కరిగించేస్తుంది. ఇంటర్‌నెట్‌లో అందరూ దాన్నే మెచ్చుకునేవారు. నా మూడు నెలల జీతం దానికి. కొనాలనుకుంటున్నానని ఎలాగో చెప్పాను.

"ఏం తీద్దామని?"

మొదటి అక్షరం దగ్గర ఆగి ఆగి, "మనుషుల్ని" అన్నాను.

"తీసినయి చూపియ్."

కెమెరా తెర మీద ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ప్రతి ఫోటోతో పాటు అది ఎంత జూమ్ చేసి తీసిందో ఆ అంకె కూడా కెమెరాలో నమోదవుతుంది. నా లెన్స్ పదహారు నుంచి యాభై వరకూ వెళుతుంది. నా ఫోటోలన్నిటి కిందా యాభై, యాభై, యాభై. అంటే ఎప్పుడూ చివరికంటా లాగి తీసినవే. నాకు సంతోషం వేసింది. అంతకంటే పెద్దది కావాలని ఆ అంకెలే చెబుతున్నాయి కదా అనుకున్నాను.

సువర్ణక్క కంటికున్న భూతద్దం తీసి బల్లమీద పెట్టింది. "అంకె చూస్తె ఇంకా పెద్దది కొనమంటది. దుకాణపోళ్ళు గదే చెప్తరు. ఫోటో చూస్తె వేరే చెప్తది." తెర నావైపు తిప్పింది. "అందరి వీపులే ఉన్నయేంది బిడ్డా?"

నిజమే. లైబ్రరీ చెట్లకింద చదువుకుంటున్న పిల్లల వీపులు. బస్టాపులో ఆడవాళ్ళ జడలు. బండి తోసుకుపోతున్న మనిషి భుజాలు. ఆరు నెలల్లో ఒక్క ముఖం లేదు. ముఖానికి ఎదురుపడితే ఆ మనిషి ఏదో ఒకటి అడుగుతాడు, నేను జవాబు చెప్పాలి. ఆ భయంతో దూరంగా నిలబడుతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె చూడనట్టే కెమెరా చేతికిచ్చింది.

"ఇది ముప్పై అయిదు కాడ ఇరుక్కున్నది. ఫోకస్ మంచిగనే ఉన్నది. ఒక నెల గిట్లనే తియ్యి. ముఖాలు తియ్యి. అటెన్క వచ్చి ఏ లెన్స్ గావాల్నో నువ్వే నాకు చెప్పు."

ఏమివ్వాలని అడిగితే, బాగుచెయ్యనిదానికి పైసలెందుకు అంది.

ఇరుక్కుపోయిన లెన్స్‌తో తిరిగితేగానీ అర్థం కాలేదు. నా కెమెరాలో ముప్పై అయిదు అంటే దాదాపు మన కన్ను చూసినట్టే ఉంటుంది. దగ్గరికి లాగదు, దూరానికి నెట్టదు. మనిషి నిండుగా కనపడాలంటే నాలుగైదు అడుగుల దూరంలో నిలబడాలి. అది ఇద్దరు మనుషులు మాట్లాడుకునే దూరం. తప్పించుకోవడానికి వీల్లేదు.

అశోక్‌నగర్‌లో హాస్టళ్ళ పిల్లలకోసం సాయంత్రం పూట జొన్నరొట్టెలు చేసి అమ్మే యాదమ్మ అనే ఆమె ఉండేది. పొయ్యి వెలుగు ఆమె ముఖం మీద పడుతుంటే చాలా బాగుండేది. మూడు రోజులు ఆలోచించి ఎదురుగా వెళ్ళాను. "ఒక ఫ..." అని ఆగిపోయాను. ఫోటో అన్న మాట రాలేదు. ఆమె కాసేపు చూసి, రెండు రొట్టెలు కాగితంలో చుట్టి, పైన పచ్చడి వేసి చేతిలో పెట్టింది. డబ్బులిచ్చి వచ్చేశాను.

మర్నాడు సువర్ణక్కకు ఈ సంగతి చెప్పి, ఇంక నావల్ల కాదన్నాను. ఆమె నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"రొట్టె మంచిగుండెనా?"

"బాగుంది."

"మరింకేంది. మళ్ల పో. కూసోని తిను. ఫోటో ఎక్కడికి పోతది." తర్వాత నవ్వు ఆపి, స్క్రూడ్రైవరు కింద పెట్టి చెప్పింది. "మా బాపు కండ్లు మసకలయినంక గీ బల్ల కాడ నేను కూసున్న. వచ్చినోళ్ళందరు ఒక్కటే మాట. మెకానిక్ లేడా అమ్మా అని. నేనే మెకానిక్ అంటె కెమెరా తీస్కోని పోయేటోళ్ళు. నాలుగు దినాలు ఏడ్చిన. అటెన్క ఏం చేసిన్నో తెలుసా? వస్తడు కూసోండి అనేదాన్ని. కూసునేటోళ్ళు. వాళ్ళ ముందటనే విప్పి, బాగుచేసి, చేతిల పెట్టి, వచ్చి పోయిండు అని చెప్పేదాన్ని."

"వాళ్ళేమనేవారు?"

"ఏమంటరు. కెమెరా పనిచేస్తుంది గద. రెండోపారి వచ్చినప్పుడు మెకానిక్‌ని అడగకపోతుండిరి. నోటితోని కానిది పనితోనన్న అయితది బిడ్డా. జర టైం పడ్తది."

నేను రోజూ వెళ్ళి రొట్టె తిన్నాను. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో యాదమ్మే అడిగింది. "రోజు గా కెమెరా ఏస్కోని తిరుగుతవ్. నన్నొకటి తియ్యరాదు?" అలా నేను తీసిన మొదటి ముఖం ఆమెది. పిండి అంటిన చేత్తో కొంగు సర్దుకుంటూ సూటిగా నావైపు చూస్తోంది. కొద్దిగా చీకటిగా వచ్చింది, కొద్దిగా కదిలింది. అయినా అది ముఖం.

నెల తర్వాత ఆ ఫోటోలు తీసుకుని సువర్ణక్క దగ్గరికి వెళ్ళాను. పంతొమ్మిది ముఖాలున్నాయి. అన్నీ ఓపిగ్గా చూసి, "ఇప్పుడు చెప్పు, ఏం తక్కువైంది నీకు?" అంది. వెలుగు తక్కువైందన్నాను. బయట పరవాలేదు, ఇంట్లోనూ సాయంత్రాలూ చీకటిగా వస్తున్నాయి. దగ్గరతనం తక్కువ అవలేదా అని అడిగింది. లేదన్నాను. ఆ మాట నా నోటినుంచి రావడం నాకే వింతగా తోచింది.

అలమరలోంచి మూడు పాత లెన్సులు తీసి తువ్వాలు మీద పెట్టింది. అమ్మిపెట్టమని ఎవరెవరో ఇచ్చి వెళ్ళినవి. ఒకటి నేను కలలుగన్న ఎనభై అయిదు. రెండోది అన్నిరకాల ఫోటోలకూ పనికొచ్చే బరువైన జూమ్. మూడోది పిడికిట్లో పట్టేంత చిన్న ముప్పై అయిదు. అందం లేదు, పేరు లేదు, ఒక పక్కన రంగు కూడా లేచిపోయింది. అది జూమ్ అవదు గానీ దాని కన్ను వెడల్పు, మసక వెలుగులో కూడా తీస్తుంది. వాటిని ఎలా చూడాలో ఒక్కొక్కటే చూపించింది. వెనకనుంచి టార్చి వేసి, లోపల సాలెగూడులా బూజు పట్టిందేమో చూడాలి. పైగాజు మీద సన్నటి గీతలుంటే భయపడక్కర్లేదు, అవి ఫోటోలో కనపడవు. వెలుగును తగ్గించీ పెంచే లోపలి రేకులకు నూనె అంటుకుంటే మాత్రం వద్దనాలి. ఫోకస్ చేసేటప్పుడు గరగరమంటే వద్దనాలి. ఇవన్నీ అయ్యాక పెద్ద జూమ్‌ను నా చేతిలో పెట్టింది.

"దీన్ని రోజు సంచిల ఏస్కోని ఆఫీసుకు పోతవా?"

బరువు చూసి పోనన్నాను.

"పోకుంటె ఇంట్లుంటది. ఇంట్లున్న లెన్స్ ఎంత మంచిదైతె ఏంది." తర్వాత ఎనభై అయిదు కెమెరాకు తగిలించి, "నన్ను తియ్యి" అంది. కిటికీ దగ్గరనుంచి చూస్తే ఆమె ముక్కూ ఒక కన్నూ మాత్రమే కనపడుతున్నాయి. వెనక్కి జరిగాను. గోడ తగిలింది. "మన ఇండ్లు గింతే ఉంటయ్ మాధవీ. ఎన్కకు పొయ్యేటందుకు జాగ ఉండదు." చిన్న ముప్పై అయిదు తగిలించాక, ఆమె, బల్ల, కిటికీ వెలుగు అన్నీ హాయిగా ఇమిడిపోయాయి. అది మూడింట్లోకీ చవకైంది, అదే కొనుక్కున్నాను. ఎనభై అయిదు అమ్మిపెడితే ఆమెకు నాలుగింతలు మిగిలేదని తర్వాత ఎప్పుడో తెలిసింది.

ఇక్కడితో కథ సుఖంగా ముగిస్తే బాగుండేది. కానీ నేను ఒక తప్పు చేశాను, అది కూడా చెప్పాలి.

మా ఆఫీసులో ఒక పుస్తకం తయారవుతోంది. నల్లకుంటలో ఉండే అన్నపూర్ణమ్మ గారని, రిటైరైన లెక్కల టీచరు, పిల్లలకోసం రాసిన లెక్కల కథలు. వెనక అట్టమీదికి ఆవిడ ఫోటో కావాలి. నేను ఫోటోలు తీస్తానని తెలిసి మా ఎడిటర్ గారు నన్ను వెళ్ళమన్నారు. అంతవరకూ వీధిలోనో మా ఇంట్లోనో తీయడమే గానీ ఒకరి ఇంటికి పనిమీద వెళ్ళడం లేదు. పేరున్న టీచరు, ఏవేవో అడుగుతారు. భయం మళ్ళీ పాతచోటికే తీసుకుపోయింది. సువర్ణక్కకు చెప్పకుండా ఒక దుకాణంలో ఎనభై అయిదు లెన్స్ ఒకరోజుకు కిరాయికి తెచ్చుకున్నాను.

ఆవిడది చిన్న గది. మంచం, పుస్తకాల బీరువా, ఒక కుర్చీ. నేను వీపు గోడకు ఆనించి చూస్తే కుర్చీలో ఆవిడ గడ్డం నుంచి నుదుటిదాకానే వస్తున్నారు. వరండాలోకి రమ్మని చేత్తో చూపించాను. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ లేచి, గోడ పట్టుకుని, నెమ్మదిగా వచ్చి నిలబడ్డారు. ఎండ కళ్ళల్లో పడుతోంది. "ఎంతసేపమ్మా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేక గబగబా పది తీసి, దణ్ణం పెట్టి వచ్చేశాను. అన్నిట్లోనూ ఆవిడ నొప్పిని ఓర్చుకుంటున్నట్టే ఉన్నారు. ఎడిటర్ గారు చూసి, "పోన్లెండి, ఏదో ఒకటి వేద్దాం" అన్నారు. ఆ పోన్లెండి చాలా రోజులు నా చెవుల్లో ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే సువర్ణక్క దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఫోటోలు చూసి, "పాపం, పెద్దామెను ఎండల నిలవెట్టినవ్" అంది. అదొక్కటే. కెమెరా నా చేతికిచ్చి, "మళ్ల తీస్తనని అడుగు" అంది.

"ఎలా అడగను?"

"ఫోన్ చేసి."

ఫోన్ నాకు అన్నిటికంటే పెద్ద భయం. ఎదురుగా ఉంటే కనీసం నా ముఖం చూసి ఏదో అర్థం చేసుకుంటారు. ఫోన్‌లో మాట రాకపోతే ఎవరూ లేరనుకుని పెట్టేస్తారు. అదే చెప్పాను. "పెట్టేస్తె ఇంకోపారి చెయ్యి. నేను యాడికి పోత లేను" అని ఆమె ఒక లెన్స్ ముందు పెట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. నావైపు చూడను కూడా చూడలేదు. మొదటిసారి అన్నపూర్ణమ్మ గారు "హలో, హలో" అని పెట్టేశారు. రెండోసారీ అంతే. సువర్ణక్క ఒక్కో స్క్రూ తీసి తువ్వాలు మీద వరసగా పెడుతోంది. మూడోసారి ఆవిడ వెంటనే పెట్టేయలేదు. అటువైపు ఊపిరి వినపడుతోంది. "ఎవరో మాట్లాడాలనుకుంటున్నారు. చెప్పండి, వింటున్నాను" అన్నారు. అప్పుడు చెప్పాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. నేను ఫోన్ పెట్టేసేటప్పటికి తువ్వాలు మీద లెన్స్ అంతా విప్పి ఉంది. "ఏమన్నది?" అంది సువర్ణక్క. ఆదివారం రమ్మన్నారని చెప్పాను. "మంచిగైంది. కిందికి పోయి రెండు చాయ్ చెప్పు" అంది.

ఆదివారం చిన్న లెన్స్ తీసుకుని వెళ్ళాను. ఆవిడ కుర్చీలో, నేను మంచం చివర. మధ్యలో నాలుగడుగులు. మొదట మీకు క్షమాపణ చెప్పాలని వచ్చానన్నాను. ఆ 'మీకు' దగ్గర ఆగిపోయాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొంచెం ముందుకు వంగి, చూస్తూ ఉండిపోయారు. తర్వాత నా పేరు అడిగారు. దానికీ అంతే. నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి కదా, జవాబు తెలిసీ నోట రాని పిల్లలను ఎందరిని చూశారో. మాట్లాడుతూ మధ్యలో "తీయనా అండీ" అని అడిగాను. తీసుకోమన్నారు. రెండు గంటల్లో నలభై తీశాను.

వాటిలో ఒకటుంది. కిటికీ వెలుగు ఒక చెంప మీద పడుతోంది. కళ్ళద్దాలు ముక్కుమీదికి జారాయి. పెదవులు కొద్దిగా విడివడి, కనుబొమలు ఎత్తి, ఆవిడ సూటిగా కెమెరావైపు, అంటే నావైపు చూస్తున్నారు. సువర్ణక్క ఆ ఫోటో దగ్గర చాలాసేపు ఆగింది.

"ఈమె ఏం చేస్తుంది గీ ఫోటోల?"

ఆలోచించాను. అప్పుడు గుర్తొచ్చింది. "నా మాటకోసం చూస్తున్నారు."

"గదే అంటున్న. మనిషి గింత మంచిగ ఎప్పుడు కనవడ్తడు." ఆమె ఫోటోను ఇంకొంచెం పెద్దది చేసి చూసింది. "నీ నత్తి లేకపోతె గీ ముఖం రాకపోవు బిడ్డా."

ఇరవై ఆరేళ్ళలో నా నత్తి గురించి ఎవరైనా అన్న మంచిమాట అదొక్కటే. ఓదార్పుగా అనలేదు. లెన్స్‌లో లోపం ఉందో లేదో చెప్పే గొంతుతోనే అంది. అందుకే నమ్మాను. ఆ ఫోటో పుస్తకం వెనక అచ్చయింది. అది చూసి ఇంకొకరు పిలిచారు, తర్వాత ఇంకొకరు. మూడేళ్ళకు ప్రూఫులు దిద్దే పని మానేసి ఫోటోలనే పనిగా పెట్టుకున్నాను. రచయితలు, టీచర్లు, డాక్టర్లు, పెళ్ళిరోజు జరుపుకునే ముసలి దంపతులు. వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి, వాళ్ళ గదుల్లోనే తీస్తాను. నత్తి పోలేదు. ఇప్పటికీ పేరు చెప్పడానికి టైం పడుతుంది. ఆ టైం పడుతుందని దాచుకోవడం మాత్రం మానేశాను.

తర్వాత కొన్నాళ్ళకు సువర్ణక్క చేతులు వణకడం మొదలైంది. చిన్న స్క్రూలు పట్టుకోలేకపోయేది. ఒప్పుకున్న పనులన్నీ పూర్తిచేసి, ఎవరి కెమెరాలు వాళ్ళకిచ్చేసి, తనంతట తనే గది ఖాళీ చేసింది. అది జరిగిన ఆరు నెలలకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. దోమలగూడలో తమ్ముడి ఇంటికి తీసుకువెళ్ళారు. నేను చూడటానికి వెళ్ళినప్పుడు మరదలు లలిత ఆమెకు చెంచాతో టీ తాగిస్తోంది. లలిత మంచి మనిషి, చంటిపిల్లను చూసినట్టు చూసుకునేది. సువర్ణక్క "చ... చ..." అంటూ తల విదిలిస్తోంది.

"చక్కెర అంటది వదిన. నెల దినాల నుంచి రోజు గిదే. రెండు చెంచాలేస్తున్న, మూడేసిన. ఇంకా గావాల్నంటది," అంది లలిత.

సువర్ణక్క కళ్ళు నావైపు తిరిగాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు అద్దంలో చూసుకున్న చూపే. నేను కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. లలిత ఏదో అనబోతే, వద్దని చెయ్యి చూపించాను. సువర్ణక్క మళ్ళీ మొదలుపెట్టింది. ఆగింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె పెదవుల కదలికను చూస్తూ నేను ఊరికే కూర్చున్నాను. ఎంతసేపటికో ఒక్కొక్క ముక్కే బయటికొచ్చింది.

"చక్కెర... తక్కువ... పాయసం... లెక్కున్నది."

లలిత నోటిమీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత ముగ్గురం నవ్వాం. సువర్ణక్క సగం ముఖంతోనే నవ్వింది, కానీ గట్టిగా నవ్వింది. టీ పాయసంలా ఉందని నెలరోజులపాటు ఆమె వద్దన్న కొద్దీ చక్కెర ఎక్కువవుతూ వచ్చిందన్నమాట. ఆ రోజునుంచీ లలిత కూడా ఆగడం నేర్చుకుంది. ఇంకో ఏడాది బతికింది సువర్ణక్క. నేను వారానికి ఒకసారైనా వెళ్ళేదాన్ని. మెల్లగా మాటలు పెరిగాయి. ఒకసారి ఆమె నా మాటకోసమూ, నేను ఆమె మాటకోసమూ ఆగుతుంటే, పక్కగదిలోంచి వచ్చిన తమ్ముడు మేమిద్దరం పోట్లాడుకుని మౌనంగా కూర్చున్నామనుకున్నాడు. చివరి రోజుల్లో ఒకసారి, మీరు లేకపోతే నేను ఈ పనిలో ఉండేదాన్ని కాదని చెప్పాను. ఆ మాటలు ఎక్కడా ఆగకుండా వచ్చాయి, ఎందుకో. ఆమె చాలాసేపు తీసుకుని, "నేనేం చేసిన... చవకది... ఇప్పిచ్చిన" అంది.

ఆమె పోయి రెండేళ్ళయింది. పనికి వెళ్ళిన ఇంట్లో నేను మొదట కెమెరా తీయను. కూర్చుంటాను. వాళ్ళు చెప్పేది చివరిదాకా వింటాను, మధ్యలో మాట అందుకోను. నా మాట వచ్చేదాకా వాళ్ళనూ ఆగనిస్తాను. తీయనా అని అడుగుతాను. చాలామంది సరేనంటారు. ఎప్పుడైనా ఒకరు, ఇవాళ వద్దమ్మా, మనసు బాగాలేదు అంటారు. అప్పుడు లెన్స్ మూత తీయకుండానే, వాళ్ళతో కాసేపు కూర్చుని, పెట్టింది తిని వచ్చేస్తాను. అలా తీయకుండా వదిలేసిన ముఖాలు చాలానే ఉన్నాయి. దోమలగూడలో ఒక ముసలాయన, చిక్కడపల్లిలో కొత్తగా తల్లయిన ఒక అమ్మాయి, ఇంకా కొందరు. అచ్చువేసిన ఫోటోలను వెతుక్కోవాలంటే నాకు కంప్యూటర్ కావాలి. వీళ్ళు మాత్రం కళ్ళు మూసుకోగానే, నాలుగడుగుల దూరంలో, ఎదురుగా కూర్చుని కనపడతారు.